విల్లు వీపుకు ఏ కర్ర?

(మన సంఘం యువజన శిక్షణ శిబిరంలో గిరిజన బాలికల వసతి గృహం వార్డెన్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

  

విల్లు మీద మాట్లాడమని సంఘం పెద్దలు అడిగారు. విల్లు అనగానే మనకు చరిత్ర గుర్తొస్తుంది. 1922 నుంచి 1924 దాకా సాగిన మన్యం పోరాటం, 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన కొమరం భీం మన కళ్ల ముందు మెదులుతారు. ఆ చరిత్ర మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మేము హాస్టల్ నడిపేవాళ్లం, పిల్లలకు పాఠం చెప్పేవాళ్లం. అందుకని పనికి సంబంధించిన ఒక్క సంగతే తీసుకుంటాం. చేత్తో చేసే కర్ర విల్లుకు వీపున ఏ కర్ర వేయాలి? దాన్ని ఎలా ఎంచుకోవాలి?

ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద సభ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కారణం చెప్తాం. ఆగస్టు 9న ఊరేగింపు జరిగితే ప్రతి యువకుడి భుజాన విల్లు ఉంటుంది. చూడముచ్చటగా ఉంటుంది. ఆ విళ్లలో లాగి వదలగలిగినవి ఎన్ని? రంగు కాగితం చుట్టి, దారం కట్టి, ఫొటో దిగి, మర్నాడు అటక మీద పడేసేవే ఎక్కువ. ఇంకోవైపు మన పిల్లలు కొందరు నిజంగా విలువిద్య నేర్చుకోవాలని ఉత్సాహపడుతున్నారు. ఫోన్‌లో వీడియో చూసి, రంపపు మిల్లు నుంచి పలక తెచ్చి, చిత్రిక పట్టి విల్లు చేస్తున్నారు. అది నాలుగోసారి లాగేసరికి ఫట్‌మని విరుగుతుంది. మా హాస్టల్‌కు పిల్లలు తెచ్చి చూపించిన విరిగిన విళ్లలో చాలావరకు వీపు నుంచే విరిగాయి. విరిగిన ముక్క ముఖానికి అరచేతి దూరంలో ఉంటుంది. కాబట్టి ఇది అందానికి సంబంధించిన విషయం కాదు, కంటికి సంబంధించిన విషయం.

ముందు మాటలు సరిచూసుకుందాం. విల్లు ఎత్తి పట్టుకున్నప్పుడు గురివైపు చూసే ముఖాన్ని వీపు అందాం. మనవైపు, అల్లెతాడు వైపు ఉండే ముఖాన్ని పొట్ట అందాం. వీపు మీద అతికించే పలచని బద్దను వెన్నుబద్ద అందాం. మీ ఇంటి భాషలో వీటికి వేరే పేర్లు ఉంటాయి. అవి అడిగి తెలుసుకోండి, దాని గురించి చివర్లో మళ్లీ చెప్తాం. ‘విల్లు’ అన్న మాట మటుకు మనందరిదీ. గోండిలో విల్, తమిళంలో విల్, కన్నడంలో బిల్లు. మాటకు ఇంత వయసు ఉందంటే వస్తువుకు ఎంత వయసు ఉంటుందో ఊహించుకోండి.

ఇప్పుడు క్లాసులో మేము చేసి చూపించేది ఒకటి మీరూ చేయండి. పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరు తీసుకోండి. దాని పక్కన పెన్నుతో నిలువు గీతలు దగ్గర దగ్గరగా గీయండి. రెండు చివరలూ పట్టుకొని వంచండి. బయటి వంపు వైపు గీతలు ఒకదానికొకటి దూరం జరుగుతాయి. లోపలి వంపు వైపు గీతలు దగ్గరికి నొక్కుకుంటాయి. మధ్యలో గీతలు ఉన్నచోటే ఉంటాయి. విల్లు లాగినప్పుడు జరిగేదీ ఇదే. వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది, మధ్యభాగం పెద్దగా పని చేయదు.

ఎండిన కర్ర సాగదీస్తే తట్టుకునే బలం, నొక్కితే తట్టుకునే బలం కంటే సాధారణంగా ఎక్కువ. మరైతే వీపే ఎందుకు విరుగుతుంది? ఇక్కడే కిటుకు ఉంది. ఆ బలం కర్రలోని నారలది. నార ఈ చివర నుంచి ఆ చివర దాకా తెగకుండా ఉంటేనే ఆ బలం ఉంటుంది. చిత్రిక పట్టి నున్నగా చేసేటప్పుడు నారను మధ్యలో కోస్తే, కోసినచోట ఒక పెచ్చు లేస్తుంది. ఆ పెచ్చు కింద చీలిక మొదలై క్షణంలో అవతలికి పోతుంది. పొట్ట అలా చేయదు. పొట్ట నలిగితే సన్నని ముడతలు పడతాయి, విల్లు వంగిపోయి బలం తగ్గుతుంది, అంతే. ఒక్క మాటలో చెప్పాలంటే, పొట్ట నలిగితే విల్లు చచ్చుబడుతుంది, వీపు తెగితే విల్లు విరుగుతుంది. మొదటిదానికి కోపం వస్తుంది, రెండోదానికి రక్తం వస్తుంది.

అందుకే వెన్నుబద్ద. నార తెగని, బాగా సాగే పలచని బద్దను వీపు మీద అతికిస్తే, కింది కర్రలో చిన్న లోపం ఉన్నా పెచ్చు లేవకుండా అది అదిమి పట్టుకుంటుంది. అందరికీ ఇది అవసరమా? కాదు. మంచి ముదురు వెదురుతో ఏకబద్ద విల్లు చేసేవాళ్లకు అవసరం లేదు. మిల్లు పలకతోనో, పొలంగట్టు తుమ్మతోనో విల్లు చేసేవాళ్లకు మాత్రం ఇదే రక్ష.

ఇక ఏ కర్ర అన్న ప్రశ్న. ఇంటర్నెట్‌లో వెతికితే హికరీ అంటారు, మేపుల్ అంటారు. అవి అమెరికా అడవుల చెట్లు. వాళ్ల అడవిలో దొరికేది వాళ్లు చెప్తున్నారు, అందులో తప్పేమీ లేదు. మనం వాళ్ల చెట్టు పేరు తెచ్చుకోవద్దు, ఆ చెట్టులో వాళ్లు చూసిన గుణం తెచ్చుకుందాం. ఆ గుణాలు మూడు. నార పొడవుగా, నిటారుగా ఉండాలి. సాగి మళ్లీ యథాస్థితికి రావాలి. విరిగినా పొడవైన ఈనెలుగా చీలాలే తప్ప సుద్దముక్కలా తెగకూడదు. ఈ మూడూ పెట్టుకొని మన చుట్టూ చూద్దాం.

మొదట వెదురు. ఒక వెదురు ముక్కను అడ్డంగా నరికి, కోసిన ముఖాన్ని కళ్లకు దగ్గరగా పెట్టి చూడండి. చిన్న చిన్న నల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఒక్కో చుక్క ఒక్కో నార కట్ట. లోపలి వైపు చుక్కలు దూరదూరంగా ఉంటాయి. బయటి తొక్క దగ్గరికి వచ్చేసరికి ఆవాలు పోసినట్టు కిక్కిరిసి ఉంటాయి. అంటే వెదురు తన బలమంతా తొక్క దగ్గరే దాచుకుంది. గాలికి ఊగేటప్పుడు ఎక్కువగా సాగేది ఆ బయటి భాగమే కదా. చెట్టు తన అవసరానికి చేసుకున్న ఏర్పాటే మన విల్లుకు పనికొస్తోంది.

అందుకే వెన్నుబద్దకు వెదురే మొదటి ఎంపిక. తొక్క వైపు గురివైపుకు, లోపలి వైపు జిగురుకు. బొంగు వెదురు కంటే సాధన వెదురు మంచిది. దాని గోడ మందంగా ఉంటుంది, కొన్నిచోట్ల దాదాపు గట్టిగా నిండి ఉంటుంది. వెదురు మొలిచిన మొదటి వానాకాలంలోనే తన పూర్తి ఎత్తు ఎదిగిపోతుంది. ఆ తర్వాత ఎదగదు, ముదురుతుంది. కాబట్టి ఎత్తు చూసి మోసపోకూడదు. మూడేళ్లు దాటిన బొంగు కావాలి. ఎలా గుర్తుపట్టాలి? కణుపుల దగ్గర తొడుగులు రాలిపోయి ఉండాలి. మీద తెల్లటి బూడిద పొర పోయి ఉండాలి. నాచు మచ్చలు పట్టి ఉండాలి. కత్తి వెనకతో కొడితే గట్టి మోత రావాలి.

మా హాస్టల్ పక్క గూడెం తాత ఒకరిని పిల్లలకు చూపించమని పిలిచాం. మేము తెప్పించిన పచ్చని వెదురును ఆయన గోటితో గీరి చూసి పక్కన పెట్టేశారు.

“బాగానే ఉంది కదా తాతా, నిటారుగా ఉంది” అన్నాం.

“నిటారుగా ఉంటే ఏం చేసుకుంటావమ్మా? లేతది. బుట్ట అల్లుకో, బాగా వంగుతుంది. విల్లుకు వంగితే చాలదు, తిరిగి లేవాలి” అన్నారు.

ఆ ఒక్క మాట మా భౌతికశాస్త్రం పుస్తకంలో సగం పేజీ. పిల్లలు అది నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

కొట్టే కాలం కూడా ముఖ్యమే. వానాకాలంలో కొమ్ములు మొలిచే రోజుల్లో వెదురు ముట్టుకోకూడదు. అది కొత్త మొక్కలకు దెబ్బ, పైగా అప్పటి బద్ద మంచిది కాదు. చలి ముదిరాక, పుష్యం మాఘాల్లో కొట్టుకోవడం మేలు. వెదురులో పిండి పదార్థం ఎక్కువగా ఉంటే పురుగు తొలిచి పొడి రాలుస్తుంది. మన పెద్దవాళ్లు వెదురును వాగు నీళ్లలో నానబెట్టడం, పొయ్యి మీద అటక మీద పొగకు పెట్టడం ఊరికే చేసిన పనులు కావు. నీళ్లలో ఆ పిండి పదార్థం కరిగి పోతుంది, పొగ పురుగును రానివ్వదు.

రెండోది తడ. మీలో కొందరి ఊళ్లలో చరచి అంటారు, కొన్నిచోట్ల జాన అంటారు. ఒకే చెట్టుకు ఊరికో పేరు, కాబట్టి పేరు కాకుండా చెట్టు చూపించి అడగండి. ఈ కర్ర సాగే గుణానికి పెట్టింది పేరు. గొడ్డలి కామకు, బండి నొగలకు, కావడి బద్దకు దీన్ని వాడేవాళ్లు. కావడి బద్ద చేసే పని ఆలోచించండి. రెండు వైపులా బరువు వేలాడుతుంటే, మనిషి అడుగు వేసినప్పుడల్లా వంగి లేస్తూ ఉంటుంది. రోజూ కొన్ని వేలసార్లు. విల్లు పనీ అదే. సంస్కృతంలో ఈ చెట్టుకు ధన్వనం అనే పేరుంది. ధనుస్సు పేరే చెట్టుకు పెట్టారంటే దీన్ని దేనికి వాడారో వేరే చెప్పక్కర్లేదు. తడ బద్ద తీసేటప్పుడు బెరడు ఒలిచాక కనిపించే మొదటి కర్ర పొరనే వీపుగా ఉంచాలి. దాన్ని చిత్రిక పట్టి నున్నగా చేయకూడదు. ఎగుడుదిగుడుగా ఉంటే ఉండనివ్వండి.

మూడోది చిరుమాను. బంక తీసే చెట్టే. చాలా గట్టిది, గొడ్డలి కామకు ఇదీ మంచిదే. కానీ ఆరేటప్పుడు పగుళ్లిస్తుంది. తొందరపడి ఎండలో పెట్టారా, పని అయిపోయినట్టే. అందుకని మేము దీన్ని వెన్నుబద్దకు కాకుండా పొట్టవైపు కర్రకు ఇష్టపడతాం. నల్లతుమ్మ కూడా పొట్టకు బాగుంటుంది. నొక్కుడు తట్టుకుంటుంది, పొలంగట్ల మీద దొరుకుతుంది.

వద్దనేవి కూడా చెప్పాలి. టేకు మంచి కలపే, తలుపుకు, మంచానికి. విల్లు వీపుకు కాదు, వంచినప్పుడు పుటుక్కున తెగే స్వభావం దానిది. పొనికి కర్ర నిర్మల్ బొమ్మలకు ప్రాణం, కానీ మెత్తన, విల్లుకు అక్కరకు రాదు. జిట్రేగి లాంటి విలువైన కలప జోలికి అసలు వెళ్లకండి. ముడులున్న బద్ద ఏ చెట్టుదైనా వద్దు. ముడి చుట్టూ నార తిరిగిపోతుంది, అక్కడే తెగుతుంది.

ఏ కర్రైనా సరే, పేరు విని నమ్మకుండా పరీక్ష పెట్టండి. మేము పిల్లలతో మూడు పరీక్షలు చేయిస్తాం.

ఒకటి, చీల్చి చూడటం. బద్దను రంపంతో కోస్తే నార ఎటు పోతోందో కనిపించదు. కత్తి పెట్టి చీల్చితే కర్ర తన నార వెంబడే చీలుతుంది. చీలిక నిటారుగా పోతే మంచి కర్ర. మెలి తిరిగితే పక్కన పెట్టండి. మిల్లు పలకే దిక్కైతే దాని పక్క అంచున ఉన్న గీతలు చూడండి. ఆ గీతలు ఈ చివర నుంచి ఆ చివర దాకా పోవాలి. మధ్యలో వీపు వైపుకు బయటికి వెళ్లిపోతే అక్కడ నార తెగినట్టే.

రెండు, విరిచి చూడటం. అదే కర్ర నుంచి వేలెడు వెడల్పు, జానెడు పొడవు ముక్క తీసి, కళ్లకు దూరంగా, గోనెసంచి చుట్టి విరవండి. పొడవైన ఈనెలుగా చీలి, విరిగాక కూడా రెండు ముక్కలూ పట్టుకొని ఉంటే ఆ కర్ర నమ్మదగింది. సుద్దముక్కలా తెగితే పొయ్యిలో పెట్టండి.

మూడు, తూచి చూడటం. బద్ద ఆరిందో లేదో చేత్తో పట్టుకుంటే తెలియదు. కిరాణా కొట్టు తక్కెడలో వారానికోసారి తూచి, గోడ మీద తేదీతో సహా రాయండి. బరువు తగ్గుతూ తగ్గుతూ ఒకచోట ఆగుతుంది. వరుసగా మూడు వారాలు మారకపోతే ఆరినట్టు. వానాకాలంలో ఈ లెక్క కుదరదు, గాలిలోని తేమ మళ్లీ ఎక్కుతుంది. కాబట్టి అతికించే పని ఎండాకాలంలో పెట్టుకోండి.

ఇప్పుడు కొలతలు. పెద్దవాళ్లు లాగే విల్లు సుమారు 165 నుంచి 175 సెంటీమీటర్ల పొడవు అనుకుందాం. వెడల్పు మధ్యలో మూడు, మూడున్నర సెంటీమీటర్లు, చివరలకు సన్నబడుతుంది. వెదురు వెన్నుబద్ద మధ్యలో 3 నుంచి 4 మిల్లీమీటర్ల మందం చాలు, చివరల్లో 2 మిల్లీమీటర్లు. ఇక్కడ చాలామందికి ఒక ఆశ ఉంటుంది. వెదురు బలమైనది కదా, ఇంకాస్త మందంగా వేద్దాం అని. వద్దు. వీపు మరీ బలంగా ఉంటే అది సాగదు. అప్పుడు భారమంతా పొట్ట మీద పడి పొట్ట నలిగిపోతుంది. ఇంట్లో ఒకరు ఏమాత్రం తగ్గకపోతే రెండోవాళ్లే నలుగుతారు కదా, అలాగే. బలమైన వీపుకు బలమైన పొట్ట కావాలి, లేదా వీపు పలచగా ఉండాలి.

మందం తగ్గించేది ఎప్పుడూ లోపలి వైపు నుంచే. తొక్క మీద చిత్రిక పెట్టవద్దు. మీద ఉన్న పచ్చటి మైనపు పొర గీరితే గీరండి, దాని కింది నార తగలకూడదు. కణుపు దగ్గర ఉబ్బు ఉంటుంది. దాన్ని పూర్తిగా చదును చేయాలని చేయి తహతహలాడుతుంది. ఆపుకోండి. గరుకు కాగితంతో పదును తగ్గేదాకా రుద్ది వదిలేయండి. పొట్టవైపు మీ ఇష్టం, వంపు సమంగా వచ్చేదాకా కొంచెం కొంచెంగా గీరుకోవచ్చు. ఈ ప్రసంగంలో ఒక్క మాటే గుర్తుంటుందంటే ఇది గుర్తుపెట్టుకోండి. వీపు చెట్టు ఇచ్చింది, పొట్ట మనం చెక్కుకునేది. చెట్టు ఇచ్చినదాని మీద కత్తి పెట్టకూడదు.

జిగురు విషయం క్లుప్తంగా. రెండు ముఖాలూ చదునుగా ఉండాలి, మధ్యలో వెలుతురు కనిపించకూడదు. కొంచెం గరుకుగా రుద్ది, దుమ్ము తుడవాలి. తడికి ఆగే చెక్క జిగురు, ఫెవికాల్ మెరైన్ లాంటిది, లేదా రెండు ట్యూబులు కలిపే ఎరాల్డైట్ లాంటిది వాడవచ్చు. బిగించడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. పాత సైకిల్ ట్యూబును పొడవు పట్టీలుగా కోసి, ఈ చివర నుంచి ఆ చివర దాకా దగ్గర దగ్గరగా చుట్టండి. ఒక పగలు, ఒక రాత్రి కదిలించకండి. ఆ తర్వాత కూడా వెంటనే పూర్తిగా లాగకండి. ముందు బెత్తెడు, తర్వాత జానెడు, ప్రతిసారీ రెండు కొమ్ములూ సమంగా వంగుతున్నాయో లేదో చూసుకుంటూ పెంచాలి.

వాడే ముందు ప్రతిసారీ ఒక దూది ఉండ తీసుకొని వీపు మీద ఈ చివర నుంచి ఆ చివరకు రాయండి. ఎక్కడైనా దూది పోగు చిక్కుకుంటే అక్కడ పెచ్చు లేస్తోందన్నమాట. ఆ రోజు ఆ విల్లు పక్కన పెట్టాలి. బాణం లేకుండా లాగి ఎప్పుడూ వదలకండి. బాణానికి వెళ్లాల్సిన బలమంతా కర్రలోకే తిరిగి కొడుతుంది. ఎంత మంచి వెన్నుబద్దైనా దానికి ఎక్కువకాలం ఆగదు.

ఇప్పుడు మీలో కొందరు అడిగే ప్రశ్నకు వద్దాం. మొన్న ఒక తమ్ముడు మొహమాటం లేకుండా అడిగాడు. “మేడమ్, మన తాతల విల్లు ఒకే వెదురు బద్ద. అల్లెతాడు కూడా వెదురు నారే. జిగురు పెట్టి రెండు కర్రలు అతికిస్తే అది మన విల్లు ఎలా అవుతుంది?”

మంచి ప్రశ్న. తోసిపుచ్చే ప్రశ్న కాదు. మా సమాధానం ఇది. తాతల ఏకబద్ద విల్లును మళ్లీ చూడండి. అందులో వెదురు తొక్కే వెన్నుబద్ద. వేరుగా అతికించలేదు, అంతే, చెట్టే అతికించి ఇచ్చింది. ముదురు బొంగును ఎంచడం, చీల్చడం, తొక్క నార తెగకుండా చూసుకోవడం, కణుపును గౌరవించడం, ఇవన్నీ వాళ్లకు తెలుసు. మనం చేస్తున్నది ఆ తెలివినే ఇంకో కర్రకు అరువివ్వడం. జిగురు మార్కెట్‌ది కావచ్చు, ఎంపిక మనదే.

ఈ పని చేసింది మనం ఒక్కళ్లమే కాదు. ఐరోపా ఉత్తర కొసన మంచు నేలల్లో సామీ అనే ఆదివాసీలు ఉన్నారు. వాళ్లకు వెదురు లేదు. వంగి పెరిగిన పైన్ చెట్టులో నొక్కుడుకు బాగా ఆగే గట్టి కర్రను పొట్టకు పెట్టి, సాగే బర్చ్ కర్రను వీపుకు అతికించి విల్లు చేసుకునేవాళ్లు. జపాన్ వాళ్ల పొడుగు విల్లు రెండు మీటర్లు దాటి ఉంటుంది. దానికి వీపునా పొట్టనా వెదురే, మధ్యలో వేరే కర్ర. ఎవరి అడవి వాళ్లకు నేర్పింది. మన అడవి మనకు నేర్పింది మరిచిపోయి, ఎక్కడో హికరీ దొరకలేదని బాధపడితే అప్పుడు మాత్రం అది మన విల్లు కాదు.

చట్టం మాట కూడా స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే రేపు ఇబ్బంది పడేది మీరే. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. సంప్రదాయంగా సేకరించుకుంటున్న వాటి మీద మనకు హక్కు ఇచ్చింది. నిలువు చెట్టు కొట్టడం ఆ హక్కులోకి రాదు. అందుకని తడ, చిరుమాను కావాలంటే సొంత పొలంలోదో, గ్రామసభలో మాట్లాడి అనుమతితో తెచ్చుకున్నదో అయి ఉండాలి. వెదురైనా గ్రామసభకు చెప్పి, పొదలో ముదురు బొంగులే తీసి, లేతవి వదిలేయాలి. పనితనం చూసినా చట్టం చూసినా వెన్నుబద్దకు వెదురే ముందు వరుసలో నిలబడుతోంది.

అదే చట్టం సంప్రదాయ వేట హక్కును మాత్రం ఇవ్వలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. మన పండుగల్లో విల్లుతో అడవికి వెళ్లే ఆచారాలు ఉన్నాయని మాకు తెలుసు. ఆ ఆచారాన్ని ఎలా నిలుపుకోవాలో పెద్దలు కూర్చొని మాట్లాడాలి. మీరు చేసే విల్లు గురి కోసం, గడ్డి మోపు కోసం. జంతువు కోసం కాదు. ఒక కేసు నమోదైతే ఉద్యోగ దరఖాస్తు దగ్గర అది అడ్డం నిలబడుతుంది. హాస్టల్ పిల్లల అమ్మానాన్నలు మా దగ్గర కన్నీళ్లు పెట్టుకునేది అలాంటి రోజునే.

గురి మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. మన దేశంలో ఇండియన్ రౌండ్ అని ఒక పోటీ విభాగం ఉంది. వెదురు, కర్ర విల్లుతోనే ఆడతారు, 30 మీటర్లు, 50 మీటర్ల దూరాలకు. రాజస్థాన్ ఆదివాసీ కుటుంబం నుంచి వచ్చిన లింబారామ్ చిన్నప్పుడు వెదురు విల్లుతోనే మొదలుపెట్టి ఒలింపిక్స్ దాకా వెళ్లారు. జార్ఖండ్‌కు చెందిన దీపికా కుమారి కూడా ఇంట్లో చేసుకున్న వెదురు విల్లుతోనే గురి నేర్చుకున్నారు. 2010 కామన్వెల్త్ క్రీడల్లో రెండు బంగారు పతకాలు తెచ్చారు. కాబట్టి ఆడపిల్లకు విల్లెందుకని మా చెల్లెళ్లను ఎవరైనా అడిగితే, ఆ పేరు చెప్పండి. పోటీకి వెళ్లేవాళ్లు మాత్రం విల్లు విషయంలో ఆ ఏడాది నిబంధనలు ముందే చదువుకోవాలి.

ఖరీదైన విల్లు కొనే స్తోమత మన ఇళ్లల్లో చాలామందికి లేదు. కానీ మంచి బద్ద ఎంచగల కన్ను మన తాతల దగ్గర ఉంది. అది కొనుక్కునేది కాదు. కొద్ది ఏళ్లు ఆగితే అడుగుదామన్నా చెప్పేవాళ్లు ఉండరు. ఇప్పుడు మా భయమల్లా విల్లు పోతుందని కాదు. ఊరేగింపులో విల్లు ఎప్పుడూ ఉంటుంది. దాని వీపు ఏదో పొట్ట ఏదో తెలిసినవాళ్లు ఉండరేమోనని భయం.

కాబట్టి మీకు ఒక పని అప్పగిస్తున్నాం. ఈ సెలవుల్లో మీ గూడెంలో విల్లు చేయడం తెలిసిన పెద్దాయన దగ్గరికో, బుట్టలల్లే అవ్వ దగ్గరికో వెళ్లండి. వెదురు సంగతి అవ్వలకు తక్కువేమీ తెలియదు. ఒక నోట్‌బుక్ తీసుకెళ్లి ఐదు ప్రశ్నలు అడగండి. విల్లుకు ఏ చెట్టు, ఏ పేరుతో పిలుస్తారు? ఏ నెలలో కొడతారు? ముదురో లేతో ఎలా తెలుసుకుంటారు? ఎలా ఆరబెడతారు? విల్లులో ఒక్కో భాగాన్ని మన భాషలో ఏమంటారు? సమాధానం వాళ్ల మాటల్లోనే రాయండి. మీరు సరిదిద్దవద్దు. ఫోన్ ఉంటే వాళ్ల అనుమతి అడిగి గొంతు కూడా రికార్డు చేయండి.

ఆ నోట్‌బుక్‌లు మా హాస్టల్‌కు పంపండి. వాటన్నిటినీ కలిపి, ఏ గూడెంలో ఏ పేరు, ఏ కర్ర అని ఒక పట్టిక చేసి, వచ్చే సంచికలో పెట్టమని సంఘాన్ని అడుగుతాం. ఎండాకాలం సెలవుల్లో ఒక వారం శిబిరం పెట్టి, ఆ పట్టిక ముందు పెట్టుకొని, తాతలు పక్కన కూర్చోగా, అందరం తలా ఒక విల్లు చేద్దాం. వచ్చే ఆగస్టు 9న భుజాన వేసుకునేది ఆ విల్లే కావాలని మా కోరిక.



జోహార్. జై ఆదివాసీ.